సంఘపెద్దగా ఎవరిని నిలబెట్టాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరులోని మా క్రైస్తవ సంఘంలో కొత్త పెద్దలను ఎన్నుకునే నెల వచ్చిందంటే నా ఫోను మోగుతూనే ఉంటుంది. తిరుపతి, పలమనేరు, పుత్తూరు వైపు సంఘాల నుంచి కూడా ఏటా అవే సందేహాలు వస్తాయి. ఇరవై ఏళ్లుగా ఒక్కొక్కరికి విడిగా చెప్పిన జవాబులను ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. వాక్యంలోని మాటలను మన సంఘాల్లో చదివే పాత తెలుగు బైబిలులో ఉన్నట్టే ఉంచాను.

## పేర్లు అనుకునే ముందు

అధ్యక్షుడు, పెద్ద, కాపరి, పరిచారకుడు అంటారు. వీళ్లంతా వేర్వేరా?

కొత్త నిబంధనలో పెద్ద, అధ్యక్షుడు ఒకే మనిషికి ఉన్న రెండు పేర్లు. అపొస్తలుడైన పౌలు మిలేతుకు పిలిపించింది ఎఫెసు సంఘపు 'పెద్దలను' (అపొస్తలుల కార్యములు 20:17). అదే మనుషులను 28వ వచనంలో 'అధ్యక్షులు' అన్నాడు, మందను కాయమన్నాడు. పరిచారకులు వేరు. వారి గురించి తిమోతికి రాసిన మొదటి పత్రికలో (1 తిమోతి) 3:8 నుంచి విడిగా రాశాడు. తరువాతి కాలంలో సంఘాలు ఈ పేర్లను రకరకాలుగా సర్దుకున్నాయి. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో బిషపు, ప్రెస్బిటరు (గురువు), డీకను (పరిచారకుడు) అనే మూడు అంచెలు ఉన్నాయి. బ్రదరన్ సంఘాలలో పెద్దలే అన్నీ చూసుకుంటారు. స్వతంత్ర సంఘాలలో పాస్టరు గారు ఉంటారు, ఆయనతో పాటు ఒక కమిటీ ఉంటుంది. పేరు ఏదైనా, ఆ మనిషిలో వెతకవలసిన గుణాలు మారవు.

పౌలు చెప్పిన లక్షణాలు చాలా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఏది?

1 తిమోతి 3:2–7లో లెక్కపెట్టే తీరును బట్టి పదిహేను దాకా వస్తాయి. తీతు 1:6–9లో దాదాపు అలాంటి జాబితాయే మరొకటి ఉంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి నిదానంగా చదవండి. వాటిలో నైపుణ్యం అనదగినది ఒక్కటే, 'బోధింపతగినవాడు'. మిగిలినవన్నీ మనిషి ఇంట్లో, వీధిలో, డబ్బు దగ్గర, కోపం వచ్చినప్పుడు ఎలా ఉంటాడన్న విషయాలే. గొంతు బాగుండాలని గానీ, డిగ్రీ ఉండాలని గానీ, అద్భుతాలు చేయాలని గానీ అక్కడ లేదు.

అన్నిటికంటే ముందు ఉన్న మాట 'నిందారహితుడు'. దాని వెనుక ఉన్న గ్రీకు మాటకు 'పట్టుకోవడానికి పట్టు దొరకనివాడు' అనే భావం ఉంది. అంటే పాపమే చేయని మనిషి అని అర్థం కాదు. 'మీ పెద్ద ఇలాంటివాడు కదా' అని ఎవరైనా వేలెత్తి చూపితే, అది నిజమని తేలేలా ఏదీ ఉండకూడదు.

ఆయన బాగా ప్రసంగిస్తాడు, పాడతాడు, యువకులంతా ఆయన వెంటే ఉన్నారు. ఇంకా ఏమి చూడాలి?

ఒకప్పుడు మేమూ ఇంతే అనుకున్నాం. మా సంఘంలో ఒకాయన ప్రార్థన చేస్తే కన్నీళ్లు ఆగేవి కావు. నెల తిరగకుండా పెద్దగా నిలబెట్టాం. ఆయనకు మామిడికాయల వ్యాపారం ఉండేది. కాయలు కోసి బుట్టలకు ఎత్తే కూలివాళ్లను గురించి మాలో ఒక్కరు కూడా అడగలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యేసరికి గేటు బయట ఒక ఆమె చంటిబిడ్డతో నిలబడి ఉంది. రెండు వారాల కూలి రావాలట. లోపల ఆయన ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం పంచడంలో సహాయం చేస్తున్నాడు. బిగపట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5:4లో ఎన్నోసార్లు చదివాం. ఆ రోజు ఆ మొర మా గేటు దగ్గరే వినబడింది.

ఆ తప్పు ఆయనది మాత్రమే అని నేను అనుకోను. మేము చూడవలసిన చోట చూడలేదు. అప్పటి నుంచి మేము ఒకరి పేరు అనుకోగానే, ఆయన కింద పనిచేసేవాళ్లు ఎవరో మొదట కనుక్కుంటాం. పైవాళ్ల ముందు అందరూ మర్యాదగానే ఉంటారు.

నన్ను పెద్దను చేయండని తనే అడిగితే అది గర్వం కాదా?

కాకపోవచ్చు. అధ్యక్షపదవిని ఆశించేవాడు 'దొడ్డపనిని' అపేక్షిస్తున్నాడని పౌలే అన్నాడు. ఆయన ఆశ పని మీద ఉందో కుర్చీ మీద ఉందో చూడండి. ఎన్నిక గురించి ఎవరూ అనుకోని రోజుల్లో జబ్బుపడినవాళ్లను చూడడానికి వెళ్లాడా? చావు ఇంట రాత్రంతా కూర్చున్నాడా? 3 యోహాను 9–10లో దియొత్రెఫే అనేవాడు కనిపిస్తాడు. అతడు ప్రధానత్వం కోరుకున్నాడు, సహోదరులను చేర్చుకోవాలనుకున్నవారిని సంఘంలోంచి వెళ్లగొట్టాడు.

బాప్తిస్మం తీసుకుని ఎన్నేళ్లు అయి ఉండాలి?

'క్రొత్తగా చేరినవాడై యుండకూడదు' అని మాత్రమే ఉంది, ఏళ్ల లెక్క లేదు. మా సంఘంలో కనీసం మూడేళ్లు చూస్తాం. పౌలు చెప్పిన కారణం గర్వం. త్వరగా ఎత్తిన మనిషి తల తిరిగి పడిపోతాడు, ఆ నష్టం అతనికే ఎక్కువ.

పెద్దగా చదువుకోనివాళ్లు, కూలిపని చేసుకునేవాళ్లు పెద్దలు కావచ్చా?

తప్పకుండా కావచ్చు. పేతురు, యోహానులను యూదుల మహాసభవారు 'విద్యలేని పామరులు' అనుకున్నారు (అపొస్తలుల కార్యములు 4:13). బోధించగలగడం అంటే వేదిక ఎక్కి గంటసేపు మాట్లాడడం అనుకోకండి. కష్టంలో ఉన్న ఇంటికి వెళ్లి, సరైన వాక్యాన్ని సరైన అర్థంతో చెప్పగలిగితే చాలు. చదవడం రాకపోతే విని నేర్చుకున్నవారు మా పల్లెల్లో ఎంతోమంది ఉన్నారు. ఇది రాస్తుంటే నాకు గుర్తొస్తున్నవారిలో ఇద్దరు సంతకం కూడా చేయలేరు.

స్త్రీలు సంఘ నాయకత్వంలో ఉండవచ్చా?

దీనిలో సంఘాల మధ్య నిజమైన భేదం ఉంది. సీఎస్ఐ స్త్రీలకు గురుత్వ అభిషేకం ఇస్తుంది. 2013లో నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషపు కింద ఉండే సంఘాల ప్రాంతం) పుష్పలలిత గారు బిషపు అయ్యారు, సీఎస్ఐలో ఆ బాధ్యతకు వచ్చిన తొలి మహిళ ఆమే. బ్రదరన్ సంఘాలు, చాలా స్వతంత్ర సంఘాలు 1 తిమోతి 2:12ను ఆధారం చేసుకుని పెద్దరికం పురుషులకే అంటాయి. మీ సంఘం ఏ పక్షాన ఉన్నా, కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే పేరు రోమా 16:1లో ఉంది. 1 తిమోతి 3:11 స్త్రీల గుణాలను కూడా చెబుతుంది. మా సంఘంలో స్త్రీలు పరిచారకులుగా ఉన్నారు. పెద్దల విచారణలో వారి మాట లేకుండా ఏ పేరూ ముందుకు పోదు.

## విచారించేటప్పుడు

'వెలుపటివారి సాక్ష్యం' అంటే హిందువులైన పొరుగువాళ్లను కూడా అడగాలా?

అడగాలి. 1 తిమోతి 3:7 చెప్పేది అదే. మన ప్రాంతంలో దీని విలువ మరీ ఎక్కువ. తిరుపతి పుణ్యక్షేత్రం. అక్కడైనా, చిత్తూరులోనైనా మన ఇంటి చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది మన విశ్వాసంలో లేనివారే. ఆదివారం రెండు గంటలు మనం చూసే మనిషిని వాళ్లు వారమంతా చూస్తారు. ఇంటి యజమానికి అద్దె సమయానికి ఇస్తాడా? కిరాణా అంగడిలో బాకీ పెట్టి దారి మార్చుకుని వెళ్తాడా? ఆఫీసులో తోటివాళ్లు అతన్ని నమ్ముతారా? ఎవరి పరువూ పోకుండా, మామూలు పలకరింపులోనే ఈ మాటలు తెలుసుకోవచ్చు. 'మా సంఘంలో ఆయనకు ఒక బాధ్యత ఇద్దామని అనుకుంటున్నాం' అని ఉన్నమాట చెప్పి అడిగితే చాలామంది నిజాయితీగానే చెబుతారు. ఒక పాలాయన నాతో, 'అయ్యా, ఆయన మంచివాడే. కానీ ఆయన కొట్టే హారనుకు నా గేదె బెదిరిపోతుంది' అన్నాడు. విషయం చిన్నదే. అయినా ఆ పెద్దాయనకు చెప్పాను, ఆయన మానుకున్నాడు.

రెండు జాగ్రత్తలు ఉన్నాయి. క్రైస్తవుడన్న కారణంతోనే ఎవరైనా చెడుగా చెబితే అది చెడ్డ సాక్ష్యం కాదు. 1 పేతురు 4:15–16 ఈ తేడాను స్పష్టంగా చూపిస్తుంది. రెండవది, పొరుగువారి దేవతలను దూషించేవాడికి వెలుపటివారి దగ్గర మంచి సాక్ష్యం ఉందని అనలేం. ఎఫెసు కూడా గుడి చుట్టూ బతికిన ఊరే. అక్కడి కరణమే లేచి, 'వీళ్లు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించనూ లేదు' అని పౌలు తోటివారి పక్షాన చెప్పాడు (అపొస్తలుల కార్యములు 19:37). తిరుమల కొండ మీద ఇతర మతాల ప్రచారం నిషిద్ధమని తెలిసీ, ధైర్యం చూపించుకోవడానికి అక్కడ కరపత్రాలు పంచి ఫోటోలు పెట్టుకునే మనిషిని నేను పెద్దగా ఒప్పుకోను. 'మర్యాదస్థుడు' అన్న మాట కూడా ఆ జాబితాలోనే ఉంది.

వడ్డీకి డబ్బు ఇచ్చేవాళ్లు, చీటీలు నడిపేవాళ్లు పెద్దలు కావచ్చా?

నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. మన వైపు మామిడి, చెరకు రైతులు, చిన్న అంగళ్లవాళ్లు అప్పు లేకుండా ఏడాది దాటలేరు. ఆ అప్పు సంఘంలోనే ఒక పెద్దమనిషి దగ్గర దొరికితే ఏమవుతుందో చూడండి. ఆయనకు బాకీ ఉన్న ఇరవైమంది ఆయన తప్పును తప్పు అనలేరు. ఎన్నికలో చేయి ఎత్తక తప్పదు. వడ్డీ కట్టలేని వారం ఆరాధనకు రావడానికే మొహం చెల్లదు. 'ధనాపేక్షలేనివాడు' అన్న మాటతో పాటు పేతురు మాట కూడా ఇక్కడ వర్తిస్తుంది. అప్పగింపబడినవారిపైన ప్రభువులైనట్టు ఉండకూడదు (1 పేతురు 5:3). అప్పిచ్చినవాడు, తనకు ఇష్టం ఉన్నా లేకపోయినా, ప్రభువు అవుతాడు. కీర్తన 15 కూడా తన ద్రవ్యాన్ని వడ్డీకి ఇవ్వనివాడిని మెచ్చుకుంటుంది.

బ్యాంకులో పనిచేయడం, సహకార సంఘం నడపడం వేరు. చీటీల విషయంలో 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ఉంది. రిజిస్టరు చేయకుండా చీటీలు నడుపుతూ పెద్దరికం చేయడం కుదరదు. మా కట్టుబాటు ఇది: సంఘ సభ్యులకు వడ్డీకి ఇచ్చిన బాకీలన్నీ ముగిసి, ఒక ఏడాది గడిచాకే ఆ పేరు పరిశీలిస్తాం. ఒకరు ఈ మాట విని కోపగించుకుని వెళ్లిపోయారు. ఇంకొకరు వడ్డీ వదులుకుని అసలు మాత్రం తీసుకున్నారు. ఆయన ఇప్పుడు మా కోశాధికారి.

ఇంట్లో ఎలా ఉంటాడో బయటివాళ్లం ఎలా తెలుసుకోవాలి?

భార్యను భర్త ముందు అడగకండి. 'మా ఆయన బంగారం' తప్ప మరో జవాబు రాదు. స్త్రీల సమాజంలో నమ్మకమైన ఇద్దరు అక్కలు తీరిక చూసుకుని వెళ్లి మాట్లాడాలి. విన్నది విచారించే ఇద్దరు ముగ్గురి మధ్యే ఉండాలి. మాటలకంటే ఎక్కువగా చెప్పేవి కొన్ని ఉంటాయి. ఆయన మోటారు సైకిలు శబ్దం వినగానే పిల్లలు గుమ్మంలోకి పరుగెత్తుతారా, లేక ఇల్లు ఒక్కసారిగా మౌనంగా అయిపోతుందా? 'కొట్టువాడు కాక' అని వాక్యం చెబుతోంది. ఇంట్లో చేయి చేసుకునేవాడు ఎంత గొప్పగా బోధించినా అర్హుడు కాడు. దీనిలో నేను ఎవరితోనూ రాజీ పడను.

ఆయన కొడుకు చర్చికి రాడు. తండ్రి అనర్హుడేనా?

వెంటనే అలా తీర్పు చెప్పకండి. యాజకుడైన ఏలీ కొడుకులు చెడ్డవారు, ప్రవక్త అయిన సమూయేలు కొడుకులూ లంచాలు తీసుకున్నారు. ఏలీ మీద తీర్పు వచ్చింది కొడుకుల తప్పు తెలిసీ అడ్డగించనందుకు (1 సమూయేలు 3:13). సమూయేలు మీద అలాంటి మాట లేదు. అందుకని తండ్రి ఏమి చేశాడో చూడాలి. ఇంట్లో ఉన్న చిన్నపిల్లల మాట వేరు. ముప్పై ఏళ్ల కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ తన దారి తను చూసుకుంటే, ఆ తండ్రి బాధను ఇంకా పెంచకండి.

ఏకపత్నీపురుషుడు అంటే భార్య చనిపోయినవారు, పెళ్లి కానివారు పనికిరారా?

పెళ్లి కాని పౌలే ఆ మాట రాశాడు, కాబట్టి పెళ్లి తప్పనిసరి అనే అర్థం రాదు. భార్య చనిపోయాక మళ్లీ పెళ్లి చేసుకోవడానికి రోమా 7:2–3 అడ్డు చెప్పదు. విడాకుల విషయంలో సంఘాలు భిన్నంగా ఉన్నాయి, మీ సంఘ నియమం చూడండి. ఈ మాటకు గురి ఒక్క భార్యకే నమ్మకంగా ఉండడం. పెళ్లి రికార్డులో ఒకే పేరు ఉండి, మరో వీధిలో మరో సంసారం ఉంటే ఆ రికార్డుతో పని లేదు.

ఎప్పుడో ఒకసారి తాగుతాడు, ఎవరికీ ఇబ్బంది లేదు. అడ్డు చెప్పాలా?

వాక్యం 'మద్యపాని' కాకూడదు అంటుంది. కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలే తిమోతికి చెప్పాడు (1 తిమోతి 5:23). కాబట్టి చుక్క ముట్టకూడదని వాక్యం పేరు చెప్పి నేను అనను. కానీ 1992లో పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురుతిరిగిన స్త్రీలు ఏ బాధతో లేచారో మన ఇళ్లకు తెలుసు. మన వీధుల్లో తాగుడు కూల్చిన సంసారాలను లెక్కపెట్టలేం. పెద్దలు పూర్తిగా దూరంగా ఉండాలన్నది మా సంఘం పెట్టుకున్న కట్టుబాటు.

సంఘంలో మా వాళ్లే ఎక్కువ. పెద్దలు కూడా మా వాళ్లలోంచే ఉండాలి కదా?

కులం పేరు నోటితో అనకుండా అడిగే ప్రశ్న ఇది. యెరూషలేములోని తొలి సంఘంలో కూడా ఇలాంటిదే వచ్చింది (అపొస్తలుల కార్యములు 6). రోజువారీ సహాయంలో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని సణుగు పుట్టింది. అపొస్తలులు 'మంచిపేరు పొందిన' ఏడుగురిని ఎంచుకోమన్నారు. ఎంచుకున్నవారి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. నీకొలాసు అయితే పుట్టుకతో యూదుడు కూడా కాడు. ఎక్కువమంది ఉన్న పక్షం, అన్యాయం జరిగిందన్న పక్షం చేతికే భోజన పంపిణీ అప్పగించింది.

చిత్తూరు సంఘాలలో తెలుగువాళ్లు, తమిళులు కలిసి కూర్చుంటారు. మాలలు, మాదిగలు, ఇతర కులాల నుంచి వచ్చినవారు ఒకే గిన్నెలోంచి ప్రభు రక్తం పుచ్చుకుంటారు. బల్ల దగ్గర ఒకటైనవాళ్లం కమిటీ గదిలో విడిపోతున్నాం. మీ జాబితాలో పేర్లన్నీ ఒకే వైపువి అయితే, ఆ జాబితాను పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టండి. ఎవరిని పెడితే మన పక్షం గెలుస్తుందని చూసే మనిషి ఇప్పటికే 'జగడమాడనివాడు' అన్న గీత దాటేశాడు.

అన్ని గుణాలూ ఉన్న మనిషి ఎక్కడ దొరుకుతాడు? ఎంతవరకు సర్దుకోవచ్చు?

దిద్దుకుంటున్న లోపానికీ, దాచుకుంటున్న లోపానికీ తేడా చూడండి. నలుగురిలో మాట్లాడడానికి తడబడేవాడు నేర్చుకుంటాడు. అతిథులు వస్తే బిడియపడేవాడు అలవాటు పడతాడు. డబ్బు, కొట్టడం, తాగుడు, స్త్రీల విషయంలో నమ్మకం, ఈ నాలుగింటిలో సర్దుబాటు వద్దు. సరిపడిన మనుషులు దొరక్కపోతే ఆ ఏడాది తక్కువమందితోనే నడపండి. 'త్వరపడి యెవనిమీదనైనను హస్తనిక్షేపణము చేయకుము' (1 తిమోతి 5:22), అంటే తొందరపడి ఎవరి మీదా చేతులుంచి నియమించకు. ఆ మాట వెనుకే, కొందరి పాపాలు ఆలస్యంగా బయటపడతాయని కూడా పౌలు రాశాడు.

## బాధ్యత తీసుకున్నాక

అతిథిప్రియుడు అంటే వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టాలా? మా ఇల్లు చాలా చిన్నది.

ఆ గ్రీకు మాటలో 'పరాయివారిని ప్రేమించేవాడు' అన్న భావం ఉంది. బంధువులకు విందు చేయడం దీనిలోకి రాదు. చిత్తూరు మీదుగా వేలూరు ఆసుపత్రికి వెళ్లే రోగులు ఎంతమందో మనకు తెలుసు. అనంతపురం, కడప వైపు నుంచి రాత్రి బస్సు దిగి, తెల్లవారేదాకా ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడతారు. ఒక చాప, ఒక చెంబు నీళ్లు, పొద్దున్నే రెండు ఇడ్లీలు పెట్టడానికి పెద్ద ఇల్లు అవసరం లేదు. ఒక్క మాట: ఆ ఇడ్లీలు వేసే పనంతా భార్య మీద వేసి, అతిథిప్రియుడన్న పేరు మాత్రం ఆయన తీసుకోకూడదు.

కానుకల లెక్కలో పెద్దలు ఎలా ఉండాలి?

లోపల నిజాయితీగా ఉంటే చాలదు, అది బయటికి కనిపించాలి. కానుక తీసుకువెళ్లేటప్పుడు పౌలు తన వెంట సంఘాలు నమ్మినవారిని ఉంచుకున్నాడు, మనుషుల దృష్టిలోనూ యోగ్యంగా ఉండాలని (2 కొరింథీ 8:19–21). కానుకల సంచిని ఆరాధన అయిన వెంటనే, బంధుత్వం లేని ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయాలి. భార్యాభర్తలు గానీ అన్నదమ్ములు గానీ కలిసి లెక్కపెట్టకూడదు. ఫోను ద్వారా వచ్చే కానుకలు సంఘం ఖాతాకే రావాలి. పాస్టరు గారి సొంత నంబరుకో, కోశాధికారి సొంత నంబరుకో రాకూడదు. స్థలం, భవనం సంఘం పేరనే రిజిస్టరు చేయించండి. కోత పండుగకు కానుకగా వచ్చిన వస్తువుల వేలంలో పాడిన సొమ్ము వసూలైందా లేదా అన్నది కూడా లెక్కలో రాయండి, అక్కడే చాలా గొడవలు మొదలవుతాయి.

పెద్దల సమావేశంలో మాటామాటా పెరుగుతుంది. ఏమి చేయాలి?

ఆ రోజు నిర్ణయం ఆపేయండి. వారం తరువాత కూర్చోండి. గొంతు పెంచినవారే మొదట క్షమాపణ చెప్పాలి, అదీ ఎవరి ముందు అరిచారో వారి ముందే.

## తప్పు జరిగినప్పుడు

పెద్ద మీద ఆరోపణ వస్తే ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా వినకూడదా?

1 తిమోతి 5:19 గాలి మాటల నుంచి పెద్దను కాపాడుతుంది. ఆ తరువాతి వచనమే, పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమంటుంది. మొదటిది చదివి రెండవది మింగేసే సంఘాలు ఉన్నాయి. ఫిర్యాదు వస్తే రాసుకోండి, ఆ పెద్ద బంధువులు కానివారితో విచారణ జరిపించండి, అది ముగిసేదాకా ఆయన్ను బాధ్యతల నుంచి పక్కన ఉంచండి.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే ఇది సంఘం లోపల తేల్చే విషయం కానే కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, తెలిసీ చెప్పకపోవడం నేరం. పిల్లల సహాయానికి 1098కి ఫోను చేయవచ్చు. సాక్షులు లేరని ఆ పిల్లను వెనక్కి పంపకండి. అలాంటిది సాక్షుల ముందు ఎవరూ చేయరు.

తప్పు ఒప్పుకుని పశ్చాత్తాపపడితే మళ్లీ పెద్దగా పెట్టవచ్చా?

క్షమాపణ వేరు, పదవి వేరు. పశ్చాత్తాపపడిన మనిషిని బల్ల దగ్గరికి తిరిగి తీసుకోవడానికి ఆలస్యం చేయకూడదు. పెద్దరికం మాత్రం నమ్మకం మీద ఆధారపడింది. అది తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది, కొన్ని తప్పుల తరువాత ఎప్పటికీ రాదు. యేసును ఎరుగనని బొంకిన పేతురును ప్రభువు మళ్లీ నిలబెట్టాడు కదా అని అడుగుతారు. అవును, నిలబెట్టాడు. కానీ పేతురు తిరిగి అడగలేదు, వ్యథపడుతూ మూడుసార్లు జవాబు చెప్పాడు (యోహాను 21). నిజంగా మారిన మనిషి పాత కుర్చీ గురించి తొందరపడడని నా అనుభవం. నష్టపోయినవారికి డబ్బు తిరిగి ఇచ్చాడా, వారి ఇంటికి వెళ్లాడా అన్నది చూడండి.

నన్ను పెద్దగా ఎన్నుకున్నారు. ఈ జాబితా చదివితే నాకే అర్హత లేదనిపిస్తోంది. తప్పుకోవాలా?

ఏ మాట దగ్గర మనసు ఆగిందో మొదట చూసుకోండి. దాచిన అప్పో, దాచిన సంబంధమో, ఇంట్లో కొట్టడమో అయితే ఈ వారమే కాపరికి చెప్పి తప్పుకోండి, దానికి కారణం అందరికీ చెప్పనక్కరలేదు. కోపం త్వరగా వస్తుందనో, బోధించడం రాదనో, ప్రార్థనలో వెనుకబడ్డాననో అయితే, తోటి పెద్దలలో ఒకరితో ఆ మాట చెప్పి, నెలకొకసారి దాని గురించి మిమ్మల్ని అడగమనండి. మీ భార్యను కూడా అడగండి. ఆమె ఏమంటే అది వినండి.